మూల కోసిన కవర్లు

ఈ మధ్య ఒక సాహిత్య సభ ముగింపులో ఒక కాగితం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. గతించిన ఒక రచయిత్రి పేరున స్మారక తపాలా బిళ్ళ విడుదల చెయ్యాలని కేంద్ర ప్రభుత్వానికి రాసిన వినతిపత్రం అది. అప్పటికే నలభై దాకా సంతకాలున్నాయి. వాటిలో సగం నేను చదువుకుంటూ పెరిగిన పేర్లు. నేను సంతకం పెట్టకుండా పక్కనున్న పెద్దావిడకి అందించాను. ఆవిడ కాగితం వంకా నా వంకా చూసి, "పెన్ను లేదా అమ్మాయ్?" అంటూ తన పెన్ను తీసిచ్చింది. పెన్ను నా దగ్గర ఉందని చెప్పడానికి నాకు చాలా ఇబ్బంది అనిపించింది.

"పీహెచ్‌డీలు చేసినవాళ్ళకి అన్నిట్లోనూ తప్పులే కనిపిస్తాయి" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. మరొకరు, "మగ కవులకి వేసినప్పుడు లేని అభ్యంతరం మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్న న్యాయమైనది. దానికి అక్కడ నిలబడి రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తపాలా బిళ్ళలంటే నాకు చిన్నచూపు లేదు. చిన్నప్పటినుంచీ వాటి మధ్య పెరిగినదాన్నే. అందుకే వాటి మీద ఎవరు ఎక్కుతారో, ఎలా ఎక్కుతారో కాస్త గమనించాను.

ప్రపంచంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ మీద ఉన్నది స్త్రీ ముఖమే. 1840లో బ్రిటన్ వేసిన పెన్నీ బ్లాక్ మీద విక్టోరియా రాణి. ఇది స్త్రీలకి దక్కిన గౌరవం అనుకుని మురిసిపోయేముందు ఆ బొమ్మ చరిత్ర కూడా చూడాలి. ఆమె పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒక శిల్పి గీసుకున్న బొమ్మ ఆధారంగా చేసిన పతకం నుంచి తీసుకున్న ముఖం అది. ఆమెకి పెళ్ళయింది, తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, భర్త పోయాడు, 1901లో ఎనభై ఒకటో ఏట ఆమే పోయింది. బ్రిటన్ బిళ్ళల మీద మాత్రం చివరిదాకా ఆ పడుచు ముఖమే. సామ్రాజ్యాన్ని ఏలిన స్త్రీకి కూడా తపాలా బిళ్ళ మీద వయసు పెరిగే హక్కు దొరకలేదు. ఆడవాళ్ళకీ ఈ బిళ్ళకీ ఉన్న సంబంధం అక్కడే మొదలైంది.

మన సంగతికొస్తే, 1952 అక్టోబర్ 1న స్వతంత్ర భారతం ఆరుగురు భక్తులూ కవుల మీద బిళ్ళలు వేసింది. కబీర్, తులసీదాస్, మీరా, సూర్‌దాస్, గాలిబ్, టాగూర్. ఆరుగురిలో ఒక్క స్త్రీ. మన తపాలా బిళ్ళ మీద పేరుతో కనిపించిన మొదటి భారతీయ స్త్రీ మీరాయే. తర్వాత 1957లో ఝాన్సీ లక్ష్మీబాయి. 1964లో సరోజినీ నాయుడు, కస్తూర్బా. భజన, కత్తి, కోకిల గొంతు, పతివ్రత. మొదటి పన్నెండేళ్ళలోనే నాలుగు అచ్చులూ పోశారు. తర్వాత వచ్చిన స్త్రీలలో చాలామందిని తెచ్చి ఆ అచ్చుల్లోనే కూచోబెట్టారు. 2011లో పాతతరం కథానాయికల మీద వేసిన వరసలో మన సావిత్రి కూడా వచ్చింది. అది ఐదో అచ్చు. ఇమడనివాళ్ళు లేకపోలేదు. 1982లో దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1989లో పండిత రమాబాయి వచ్చారు. కానీ అలాంటి పేర్లు వెతుక్కుంటే తప్ప దొరకవు.

ఇక వరస చూడండి. జ్యోతిరావు ఫూలేకి 1977లో బిళ్ళ వస్తే, సావిత్రీబాయికి 1998లో వచ్చింది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే పనిచేసి, ఒకే పేడ ముద్దల్ని ఎదుర్కొన్న ఇద్దరి మధ్య ఇరవై ఒక్క సంవత్సరాల దూరం. లక్ష్మీబాయికి 1957లో వస్తే, ఆమె సైన్యంలో పోరాడిన దళిత స్త్రీ ఝల్కారీబాయికి 2001లో వచ్చింది. నలభై నాలుగేళ్ళు. వేమనకి 1972లో, మొల్లకి 2017లో. నలభై అయిదేళ్ళు. లింగానికీ కులానికీ మధ్య ఉన్న లెక్కని సిద్ధాంత గ్రంథాలు చదవకుండా నేర్చుకోవాలంటే తపాలా బిళ్ళల ఆల్బం తిరగేస్తే చాలు. కందుకూరి వీరేశలింగానికి 1974లో బిళ్ళ వేశారు. రాజమండ్రిలో 1881లో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు, వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ వెలివేస్తే గోదావరి నీళ్ళు మోసి వండిపెట్టిన రాజ్యలక్ష్మమ్మ నా ఆల్బంలో లేదు.

"అందుకేగా అడుగుతున్నాం!" అంటారు మీరు. నిజమే, ఇంతదాకా నేను చెప్పింది మీ వినతిపత్రానికి బలమే. నా అభ్యంతరం ఇక్కడినుంచి మొదలవుతుంది.

వ్యక్తుల మీద స్మారక బిళ్ళ వెయ్యాలంటే సాధారణంగా శతజయంతో వర్ధంతో ఏదో ఒక సందర్భం కావాలి. ఈ లెక్క ఎవరికి కుదురుతుంది? పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇళ్ళకి కుదురుతుంది. జాతకం వేయించిన కొడుకులకి కుదురుతుంది. మొల్ల ఎప్పుడు పుట్టిందో ఏ శతాబ్దంలో తేల్చాలన్నదే పండితుల వాదన. అయినా ఆమెకి 2017లో వేశారు కదా అంటే, తలుచుకుంటే నియమం పక్కన పెట్టగలరన్నమాట. తలుచుకోవడానికి మరి ఆ నలభై అయిదేళ్ళు ఎందుకు పట్టింది? సరే, వేశారు. వేసిన ముఖం ఎవరిది? మొల్ల ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఊహాచిత్రం తప్ప గతి లేదు. ఆమెదని మనకి మిగిలింది రామాయణం ఒక్కటే. ఆమె బొమ్మ చూడడానికి ఖర్చు పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఆమె పద్యాలు చదవడానికి పెట్టామా?

ఇంకో తేడా కూడా ఉంది. తపాలా శాఖ వేసే బిళ్ళలు రెండు రకాలు. నిత్యవాడుకవి డెఫినిటివ్‌లు. అవి అయిపోతే మళ్ళీ అచ్చువేస్తారు, ఏళ్ళ తరబడి ప్రతి ఉత్తరం మీదా అతికిస్తారు. స్మారక బిళ్ళలు అలా కాదు. పరిమిత సంఖ్యలో ఒక్కసారి వేస్తారు. అయిపోతే మళ్ళీ వెయ్యరు. విడుదల రోజు ఒక మంత్రిగారు, ఒక శాలువా, ఒక ఫస్ట్ డే కవర్. ఆ తర్వాత అవి సేకరించేవాళ్ళ ఆల్బంలలోకి పోతాయి. ఒకసారి తలుచుకుని మళ్ళీ తలుచుకోనక్కర్లేకుండా చేసే పద్ధతికి స్మారకం అని పేరు పెట్టుకున్నాం.

నిత్యవాడుక బిళ్ళల మీద స్త్రీలు లేరా అంటే ఉన్నారు. 1965లో మొదలైన వరస తీసి చూడండి. పదిహేను పైసల బిళ్ళ మీద తేయాకు కోస్తున్న స్త్రీ. ఐదు పైసల బిళ్ళ మీద కుటుంబ నియంత్రణ కుటుంబం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం అదనపు తపాలా పన్ను వేసినప్పుడు ఆ కుటుంబం మీదే శరణార్థి సహాయం అని అడ్డంగా ముద్ర కొట్టి వాడారు. వద్దన్న బిడ్డల బొమ్మ మీదే దిక్కులేని బిడ్డల పన్ను. ఇక రూపాయి బిళ్ళ మీద ఒక మధ్యయుగపు శిల్పం, ఉత్తరం రాస్తున్న స్త్రీ.

ఈ రూపాయి బిళ్ళ దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను. 1961 జనాభా లెక్కల్లో ఈ దేశపు స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 15 మంది. చదువు రాని 85 మంది తరఫున ఒక రాతి స్త్రీ కూచుని ఉత్తరం రాస్తోంది. ఆమె పేరు ఎవరికీ తెలీదు. ఎవరికి రాస్తోందో తెలీదు. ప్రియుడికేనని అందరూ సులువుగా అనేసుకుంటారు. అప్పులవాడికి రాస్తోందేమో, పుట్టింటికి రాస్తోందేమో, అసలు ఉత్తరమే కాక కావ్యం రాస్తోందేమో. పేరున్న స్త్రీకి ఒక్కరోజు స్మారకం, పేరులేని స్త్రీకి నిత్యవాడుక. మన సమాజంలో స్త్రీల స్థానాన్ని ఇంతకన్నా నిజాయితీగా చెప్పిన ప్రభుత్వ పత్రం నేను చూడలేదు. 2008 తర్వాత వచ్చిన వరసలో ఇందిరాగాంధీ, మదర్ థెరీసా, రుక్మిణీదేవి అరండేల్ నిత్యవాడుకలోకి వచ్చారన్నది నిజం. కానీ అప్పటికి ఉత్తరాలే నిత్యవాడుకలోంచి పోతున్నాయి.

ఇప్పుడు నేను సంతకం పెట్టకపోవడానికి అసలు కారణం చెబుతాను.

నా పరిశోధన తెలుగు రచయిత్రుల ఉత్తరాల మీద. ఆ పని మీద కొన్నేళ్ళ క్రితం ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి అమ్మమ్మగారు ఒక రచయిత్రికి ప్రాణ స్నేహితురాలు. ఆ రచయిత్రి పేరు మీలో చాలామందికి తెలిసే అవకాశం లేదు. పది పన్నెండు కథలు రాసి, ఉన్నట్టుండి రాయడం మానేసింది. ఆమె రాసిన అరవై దాకా ఉత్తరాలు ఆ ఇంట్లో ఒక రేకు పెట్టెలో, వాటి వాటి కవర్లలోనే భద్రంగా ఉన్నాయి. నా ఆనందం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. దాదాపు ప్రతి కవరుకీ కుడివైపు పైమూల లేదు. కత్తెరతో నీటుగా కోసేశారు.

ఆ ఇంటి మనవడు, ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి, చాలా మర్యాదస్తుడు. లోపలికెళ్ళి ఆల్బం తెచ్చి చూపించారు. "అన్నీ మా అమ్మమ్మ ఉత్తరాల మీదవేనమ్మా" అన్నారు గర్వంగా. మీరా ఉంది. లక్ష్మీబాయి ఉంది. తేయాకు కోసే ఆమె ఉంది. నా రూపాయి బిళ్ళ రాతి స్త్రీ కూడా ఉంది. శుభ్రంగా కడిగి, సంవత్సరాల వరసన అమర్చి పెట్టారు.

పాతతరం ఆడవాళ్ళు ఉత్తరాల మీద తేదీలు వెయ్యడం తక్కువ. "గురువారం, మధ్యాహ్నం" అని ఉంటుంది, "పెద్దవాడికి జ్వరం తగ్గింది" అని ఉంటుంది. వాళ్ళ కాలం అలా నడిచేది. ఆ గురువారం ఏ సంవత్సరంలోదో చెప్పాల్సింది తపాలా ముద్ర. ఆ ముద్ర బిళ్ళ మీద సగం, కవరు మీద సగం పడుతుంది. మూల కోసినప్పుడు రెండూ పోతాయి. బిళ్ళని నీళ్ళల్లో నానబెట్టి ఊడదీసి, మిగిలిన కాగితం పారేస్తారు.

ఆ అరవై ఉత్తరాల్లో ఒక ఉత్తరంలో ఆమె ఇలాంటి అర్థం వచ్చేలా రాసింది: ఇక కథలు రాయను, ఇంట్లో గొడవ పడే ఓపిక లేదు. ఉత్తరం మీద ఉన్నది వారం పేరు మాత్రమే. నాకు తెలియాల్సింది ఒకటే. ఆ ఉత్తరం ఆమె అచ్చయిన చివరి కథకి ముందు రాసిందా, తర్వాత రాసిందా? తర్వాత రాసిందయితే ఆ ఇల్లు గెలిచింది, ఆమె అక్కడితో ఆగిపోయింది. ముందు రాసిందయితే, ఇక రాయనని స్నేహితురాలికి చెప్పి కూడా ఆమె మళ్ళీ కలం పట్టుకుంది, కనీసం ఇంకొక్క కథ రాసింది. ఒక రచయిత్రి జీవితానికి ఈ రెండూ ఒకటి కావు. ఆమె చివరి కథని చదివే పద్ధతే మారిపోతుంది.

కవరు వెనక, చేరిన ఊరి ముద్ర ఉంటుందని మీకు తోచే ఉంటుంది. నాకూ తోచింది. అలా వెనక ముద్రలు చూసి ఇరవై ఉత్తరాల దాకా తేదీలు పట్టుకున్నాను. ఈ కవరుకి మాత్రం వెనక ముద్ర కూడా సరిగ్గా ఆ మూలే పడింది. చివర ఒక వంపు గీత మిగిలింది. ఆ పెద్దమనిషి తన భూతద్దం ఇస్తే ఆల్బంలో ఒక్కొక్క బిళ్ళ మీదా మిగిలిన ముద్ర ముక్కలు చూస్తూ రెండు మధ్యాహ్నాలు కూచున్నాను. మీరా బిళ్ళ ఒకదాని మీద 53 అన్న అంకె కనిపించింది. కానీ ఆ బిళ్ళ ఏ కవరు మీదదో చెప్పేదెవరు? అవతలి ముక్క ఏనాడో చెత్తలో కలిసింది. నా సిద్ధాంత వ్యాసంలో ఆ ఉత్తరం పక్కన ఇప్పటికీ "తేదీ తెలియదు" అని ఉంటుంది.

భక్త మీరా ముఖం భద్రంగా ఉంది. ఆ ముఖాన్ని అతికించి ఉత్తరం పంపిన స్త్రీ జీవితంలో ఒక సంవత్సరం పోయింది. దీన్ని నేను ఒక ఉపమానంగా చెప్పడం లేదు, జరిగిందే చెబుతున్నాను.

ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఎందుకంటే ఆ కత్తెర నేనూ పట్టుకున్నాను. మా ఇంట్లో ఆల్బం అన్నయ్యది. అట్ట మీద వాడి పేరే. అమ్మకి వచ్చిన ఉత్తరాల మూలలు కోసేది, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టేది, జిగురు పోయిందాకా వేలితో నిమిరి పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టి, ముడతలు పడకుండా నిఘంటువు కింద పెట్టేది నేను. ఊళ్ళో గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి పోయి "అత్తా, స్టాంపు ఇస్తావా?" అని అడిగి తెచ్చేదీ నేనే. వాళ్ళు నవ్వుతూ కవరు నా చేతిలో పెట్టేవారు. అతికించేదీ, కింద దేశం పేరు రాసేదీ మాత్రం అన్నయ్య. స్కూల్లో బహుమతి కూడా వాడికే వచ్చింది. చిన్నపిల్లల ఆటే, కాదనను. కానీ మా అమ్మమ్మ మా అమ్మకి రాసిన ఉత్తరాలు ఏ ఏడాదివో ఈ రోజు నేను చెప్పలేను. నా చేత్తోనే కోశాను.

ఇన్నాళ్ళకి స్టాంపుల సేకరణ తెలిసినవాళ్ళు కూడా ముద్రతో సహా మొత్తం కవరుకే విలువ ఎక్కువని చెబుతున్నారు. బజారులో ధర పలికాక తెలిసిన ఆ విలువ మనకి ముందే తెలిసుండాల్సింది. ఎందుకంటే సేకరణ అనే పనికి మనకి వేరే సంప్రదాయం ఉంది. భండారు అచ్చమాంబ (1874-1905) ముప్పై ఏళ్ళు నిండేనాటికే దేశంలోని స్త్రీల జీవితాలు వెతికి వెతికి "అబలా సచ్చరిత్ర రత్నమాల" కూర్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన ఊరూరా తిరిగి రికార్డు చేసి 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది. వాళ్ళు ముఖాలు ఏరలేదు, మాటలు ఏరారు. ఆ మాటలు లేకపోతే ఆ స్త్రీలలో చాలామంది మనకి ఉండేవారే కాదు.

అయితే ముఖానికి విలువ లేదా? సావిత్రీబాయి బిళ్ళని ఫ్రేము కట్టించుకుని బల్ల మీద పెట్టుకున్న దళిత విద్యార్థిని నాకు తెలుసు. ఆ పిల్లతో "అదంతా రాజ్యం ఇచ్చే చవక గౌరవం" అని నేను అనలేను, అనను. తరతరాలుగా ఎక్కడా తమ ముఖం కనిపించనివాళ్ళకి ఒక చిన్న కాగితం మీద కనిపించడం పెద్ద సంగతే. కానీ ఆమె బల్ల మీద బిళ్ళ పక్కనే సావిత్రీబాయి రచనల అనువాదం కూడా ఉంది. బిళ్ళ ఆ పుస్తకం వైపు దారి చూపించింది. మనం అడుగుతున్న బిళ్ళ ఏ పుస్తకం వైపు దారి చూపిస్తుంది? వినతిపత్రంలో ఉన్న రచయిత్రి కథల సంపుటి ఇవాళ కొందామంటే నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఆమె ఉత్తరాలు ఎక్కడున్నాయో ఆ సభలో నేను అడిగితే ఒక్కరూ చెప్పలేదు. సంతకాలు పెట్టిన నలభై మందిలో ఆమెకి ఉత్తరాలు రాసినవాళ్ళూ, ఆమె నుంచి అందుకున్నవాళ్ళూ ఉన్నారు.

అడుగుతున్నది ఎవరినన్నది కూడా చూడండి. 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సదుపాయాన్ని ఎత్తేసింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసింది. చిన్న పత్రికలూ, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుని పోస్టులో పంపుకునే రచయిత్రులూ ఈ దెబ్బ ఎలాంటిదో చెప్పగలరు. దాని మీద మన సభల్లో ఒక తీర్మానం చేశామా? రచయిత్రి ముఖాన్ని అచ్చువెయ్యమని అడుగుతున్నాం, ఆమె పుస్తకాన్ని చవకగా మొయ్యమని ఎందుకు అడగం? మొదటిది అడగడం సులభం, ఇవ్వడం ఇంకా సులభం. డబ్బు కడితే ఎవరి ఫోటోతోనైనా మై స్టాంప్ వేసిచ్చే సదుపాయం 2011 నుంచే ఉంది. బిళ్ళ కోసం ప్రభుత్వాన్ని బతిమాలుకోవాల్సిన అవసరం నిజానికి అంతగా లేదు.

ఆ వినతిపత్రం ఇంకా పంపలేదని తెలిసింది. దానికి మూడు వాక్యాలు చేరిస్తే నేను సంతకం పెడతాను. ఒకటి, బిళ్ళతో పాటే ఆమె రచనలన్నీ చవక ధరకి అచ్చువేసి ప్రతి శాఖా గ్రంథాలయానికీ ఇవ్వాలి. రెండు, పుస్తకాల తపాలాకి తీసేసిన చవక సదుపాయాన్ని తిరిగి ఇవ్వాలి. మూడోది ప్రభుత్వానికి కాదు, మనకే. సంతకం చేసిన ప్రతివాళ్ళూ తమ దగ్గరున్న ఆమె ఉత్తరాలని కవర్లతో సహా, ఏ మూలా కొయ్యకుండా, ఒక చోటికి చేరుస్తామని ఒప్పుకోవాలి. ఇళ్ళు మారినప్పుడూ, పెద్దవాళ్ళు పోయినప్పుడూ అటక మీది పెట్టెలు ముందు పాతకాగితాలవాడి దగ్గరికే వెళ్తున్నాయి. మనం ఆ పెట్టెల దగ్గరికి అంతకన్నా ముందు చేరాలి.

ఆ పెద్దావిడ ఆ రోజు ఇచ్చిన పెన్ను పొరపాటున నా సంచిలోనే ఉండిపోయింది. ఆ మూడు వాక్యాలూ చేర్చిన రోజు దానితోనే సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇచ్చేస్తాను.